చెరువులో లేని చేప

వాన పడుతోంది. కొండ పక్క సరస్సులో సగం మునిగిన మొద్దుకు ఎదురుగా, ఒడ్డున ఒక చిన్న బొమ్మ గాలం వేసి నిలబడింది. ఆ బొమ్మను ఆడిస్తున్నది మా మేనకోడలు. ఎనిమిదో తరగతి పరీక్షలు రాసి, సెలవులకు మా ఇంటికి వచ్చింది. సోఫా అంచున ముందుకు వంగి కూర్చుని, పొద్దున్నుంచీ ఒకే చేప కోసం చూస్తోంది.

“ఇరవై ఏడు సార్లు వేశా అత్తా. అన్నీ బంగారుతీగలే. ఆ చేప ఈ చెరువులో అసలు ఎక్కడ దాక్కుంటుంది?”

భీమవరం పిల్ల కాబట్టి తెరమీద కార్ప్ అని కనిపించినా బంగారుతీగ అనే అంటుంది. తను వెతుకుతున్న చేప పేరు లెజెండ్. ఆ ఆటలో అన్నిటికంటే కష్టంగా దొరికే చేప అదే. ఎక్కడ దాక్కుందన్న ప్రశ్నకు నాకు వెంటనే మాట రాలేదు. నిజమైన జవాబు చాలా వింతగా ఉంటుంది. ఆ చేప ఆ చెరువులో లేదు. ఇంకెక్కడా లేదు. తను బటన్ నొక్కే క్షణం దాకా అది పుట్టదు.

ఆట పేరు స్టార్‌డ్యూ వ్యాలీ. 2016 ఫిబ్రవరి 26న విడుదలైంది. అమెరికాలోని సియాటిల్ ప్రాంతానికి చెందిన ఎరిక్ బరోన్ అనే యువకుడు కంప్యూటర్ సైన్సు చదువు పూర్తిచేసి, దాదాపు నాలుగున్నరేళ్లు ఒక్కడే కూర్చుని దీన్ని తయారు చేశాడు. బొమ్మలు గీసింది, పాటలు కట్టింది, కథ రాసింది, కోడ్ రాసింది అన్నీ అతనే. ఆ రోజుల్లో ఖర్చులకోసం ఒక థియేటర్లో ప్రేక్షకులకు సీట్లు చూపించే పని చేసేవాడు. 1996లో జపాన్‌లో వచ్చిన హార్వెస్ట్ మూన్ అనే పాత వ్యవసాయపు ఆట మీది ఇష్టంతో మొదలుపెట్టిన పని అది. 2024 చివరికి ఈ ఆట 4 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయింది.

కథ మనకు కొత్త కాదు. పట్నంలో ఆఫీసు ఉద్యోగంతో విసిగిన మనిషికి తాత వదిలివెళ్లిన పొలం దక్కుతుంది. వెళ్లి రాళ్లు ఏరుకుని, విత్తనం వేసుకుని, కోళ్లూ ఆవులూ పెంచుకుని, ఊరివాళ్లతో స్నేహం చేసుకోవాలి. రెండో రోజున విల్లీ అనే ముసలి జాలరి పిలిచి వెదురు గాలం చేతికిస్తాడు. ఏడాదికి నాలుగు రుతువులు, రుతువుకు 28 రోజులు. పొద్దున 6కు లేచిన మనిషి రాత్రి 2 గంటలకల్లా పడుకోవాలి. ఆటలో పది నిమిషాలు మన గడియారంలో 7 సెకన్లు. అంటే అక్కడి ఒక పూర్తి రోజు ఇక్కడ 14 నిమిషాలు. లెజెండ్ కోసం పడే తొందరంతా ఈ 14 నిమిషాల లోపలిదే.

ఇప్పుడు చెరువులోకి దిగుదాం.

నిజమైన చెరువులో చేపలు ముందు ఉంటాయి, గాలం తరువాత వస్తుంది. ఈ ఆటలో వరస తిరగబడింది. గాలం పడగానే కంప్యూటర్ చేసేది ఎంతసేపటికి బెండు మునగాలో తేల్చుకోవడం మాత్రమే. అది అర సెకను పైచిలుకు నుంచి 30 సెకన్ల లోపు ఏదైనా కావచ్చు. నైపుణ్యం ఒక్కో మెట్టు పెరిగినకొద్దీ ఆ గరిష్ఠ కాలం పావు సెకను తగ్గుతుంది. ఎర గుచ్చితే సగమవుతుంది. బెండు మునుగుతుంది, బొమ్మ తలమీద ఆశ్చర్యార్థకం వెలుగుతుంది, టకీమని మనం బటన్ నొక్కుతాం. అప్పుడు, ఆ నొక్కిన క్షణంలో, కంప్యూటర్ ఒక జాబితా తెరుస్తుంది: ఈ నీటిలో, ఈ రుతువులో దొరికే చేపలేవి? ఆ పేర్లను పేకముక్కల్లా కలుపుతుంది. పైనున్న పేరు తీసి అడుగుతుంది: ఇది ఈ వేళలో తిరిగే చేపేనా? ఈ వాతావరణం దానికి నప్పుతుందా? ఈ మనిషికి తగినంత నైపుణ్యం ఉందా? అన్నిటికీ అవుననే జవాబు వస్తే పాచిక వేస్తుంది. పాచిక పడితే ఆ చేప పుట్టినట్టు. పడకపోతే కింది పేరు. జాబితా అయిపోయేదాకా ఏదీ కుదరకపోతే, పగిలిన కళ్లద్దాలో, తడిసిన పత్రికో, పాడైన సీడీయో గాలానికి తగులుకుని వస్తుంది.

ఇలా చూస్తే చేప కష్టంగా దొరకడమంటే ఏమిటో తేలికగా అర్థమవుతుంది. ప్రతి చేప ముందూ కొన్ని తలుపులున్నాయి. కొన్ని చేపలకు ఒకటే తలుపు, అదీ బార్లా తెరిచే ఉంటుంది. కార్ప్ అలాంటిది. పఫర్‌ఫిష్‌కి నాలుగు: సముద్రం, ఎండాకాలం, మబ్బులేని రోజు, మధ్యాహ్నం 12 నుంచి సాయంత్రం 4 లోపు. స్టర్జన్ కొండ సరస్సులోనే, ఎండాకాలంలోనో చలికాలంలోనో, రాత్రి 7 దాటకుండా పడాలి. ఈల్ సముద్రంలో వానపడే సాయంత్రాలు తిరుగుతుంది. లెజెండ్‌కి తలుపులు ఇవి: వసంతం, వాన, కొండ సరస్సు, ఒడ్డుకు దూరంగా లోతు నీళ్లు, చేపల వేటలో పదో మెట్టు. దానికి తోడు ఒక ఆటలో ఒక మనిషికి ఒక్కసారే. పట్టేశాక ఆ పేరు జాబితాలోంచి పోతుంది.

ఇందులో వాన సంగతి కొంచెం ఆగి చూడదగ్గది. వసంతంలో, శరత్తులో ఒక రోజు వాన పడే అవకాశం సుమారు 18 శాతం. పండగ రోజుల్లో వాన పడదు. మొదటి ఏడాది వసంతం మూడో రోజున మాత్రం తప్పకుండా పడుతుంది. కాబట్టి 28 రోజుల వసంతంలో నాలుగైదు వాన రోజులు వస్తాయని లెక్క. కానీ సగటు వేరు, వరస వేరు. వాన రాకపోయే అవకాశం రోజుకు 82 శాతమైతే, వరుసగా పది రోజులు చుక్క రాలకపోయే అవకాశం 0.82ను పదిసార్లు గుణిస్తే వస్తుంది. దాదాపు 14 శాతం. ఏడెనిమిది మంది ఆడితే వాళ్లలో ఒకరు ఏ వసంతంలోనో పది రోజులు ఆకాశం వంక చూస్తూ గడుపుతారన్నమాట. మా పిల్లకు ఆ అనుభవం అంతకుముందు వారమే అయింది.

ఆటలో మన పొలంలోని ఇంట్లో ఒక టీవీ ఉంటుంది. రేపటి వాతావరణం చెబుతుంది. అది ఎన్నడూ తప్పదు. ఎందుకంటే రేపటి వానకు పాచిక ఈరోజే వేసేసి, ఫలితాన్ని కంప్యూటర్ దాచిపెట్టుకుంది. టీవీ దాన్ని చదివి వినిపిస్తుందంతే. మన వాతావరణ శాఖ లెక్కగట్టేది ఇంకా జరగని గాలులనూ మబ్బులనూ. ఆ కష్టమూ ఈ సుఖమూ ఒకటి కావు.

ఇక పాచిక. మేనకోడలు అడిగిన రెండో ప్రశ్న ఇదే: “కంప్యూటర్ దగ్గర పాచికలు ఎక్కడివి? అది చెప్పిందే కదా చేసేది?”

మంచి ప్రశ్న. కంప్యూటర్‌కు తనంతట తాను తోచినట్టు చేయడం రాదు. ఒకే లెక్కను వందసార్లు ఇస్తే వందసార్లూ ఒకే జవాబు చెబుతుంది. అందుకే దాదాపు ఎనభై ఏళ్ల కిందటే, కంప్యూటర్లు గదుల నిండా ఉండే రోజుల్లోనే, గణితజ్ఞులు ఒక ఉపాయం కనిపెట్టారు. చూడ్డానికి ఏ క్రమమూ లేనట్టుండే సంఖ్యలను క్రమం తప్పని లెక్కతో పుట్టించడం. 1949లో డి.హెచ్. లేమర్ ప్రతిపాదించిన పద్ధతి ఇప్పటికీ పుస్తకాల్లో మొదటి పాఠంగా ఉంటుంది. ముందు సంఖ్యను ఒక స్థిరసంఖ్యతో గుణించి, చివరి కొన్ని అంకెలే ఉంచుకోవడం దాని సారం. తరువాతివాళ్లు దానికి ఒక కూడికను జోడించారు.

మేం కాగితం మీద చేసి చూశాం. నియమం: చేతిలో ఉన్న సంఖ్యను 21తో గుణించు, 7 కలుపు, చివరి రెండంకెలే ఉంచు. తను పుట్టిన తేదీ 12తో మొదలుపెట్టింది. 12ను 21తో గుణిస్తే 252, ఏడు కలిపితే 259, చివరి రెండంకెలు 59. దాన్నుంచి 46. తరువాత 73, 40, 47, 94, 81. పదికంటే తక్కువ వస్తే చేప పడినట్టు అనుకుందాం అన్నాను. తరువాతి లెక్క తనే చేసింది: 81ని 21తో గుణిస్తే 1701, ఏడు కలిపితే 1708. చివరి రెండంకెలు 08. కేకవేసి లేచి నిలబడింది.

ఆ ఎనిమిది కోసం మేమేమీ మాయ చేయలేదు. కానీ 12 అన్న మొదటి సంఖ్యలోనే ఆ ఎనిమిది రాసిపెట్టి ఉంది. ఈ మొదటి సంఖ్యను విత్తనం అంటారు. విత్తనం ఒకటే అయితే పంట ఒకటే. మా చిన్న నియమం 00 నుంచి 99 వరకు వందనూ ఒక్కోసారి చెప్పి, మళ్లీ 12 దగ్గరికొస్తుంది. ఆటలు వాడే సూత్రాలు ఇంతకంటే ఎంతో పెద్దవి. ఆ చక్రం తిరిగి మొదటికి రావడం ఆడేవాళ్ల కంటపడదు. ఒడ్డున నిలబడ్డ మనిషికి సంబంధించినంతవరకు అవి పాచికలే.

పాచికలకు జ్ఞాపకం ఉండదు. ఈ మాట అందరికీ తెలుసు, గాలం చేతిలో ఉన్నప్పుడు మాత్రం ఎవరికీ గుర్తుండదు. “ఇన్నిసార్లు పడలేదు కాబట్టి ఇప్పుడు పడాల్సిందే” అని మేనకోడలు అంటూనే ఉంది. ఒకసారి వేస్తే పడే అవకాశం పదింట ఒకటి అనుకుంటే, 27 సార్లు విఫలమయ్యాక 28వ సారి కూడా పదింట ఒకటే. అప్పుడే మొదలుపెట్టినవాడికీ, పొద్దున్నుంచి నిలబడ్డవాడికీ తేడా లేదు.

అయితే ఆ 27 వృథాగా పోలేదు. ఇక్కడే నాకు ఈ ఆట నచ్చింది. పదింట ఒకటి పడాల్సిన చేప 27 సార్లూ తప్పిపోయే అవకాశం ఎంత? 0.9ను 27 సార్లు గుణించాలి. దాదాపు 0.06. అంటే వందమంది ఇలా ఆడితే ఆరుగురికి మాత్రమే ఇంత దురదృష్టం. మా పిల్ల ఆ ఆరుగురిలో ఒకతె కావచ్చు. లేదా మేం తెరిచే ఉందనుకున్న తలుపు ఒకటి మూసి ఉండొచ్చు. ప్రయోగశాలలో శాస్త్రవేత్త చేసేదీ ఇదే. ఫలితం మరీ అరుదుగా ఉందంటే, అదృష్టాన్ని తిట్టుకోవడం మాని, మొదట అనుకున్న సంగతిని అనుమానించాలి.

ఒక్కో తలుపూ తట్టి చూశాం. వసంతం, సరే. వాన, తెరమీద కనిపిస్తూనే ఉంది. సరస్సు అదే, మొద్దు అదే. గాలం దూరంగానే పడుతోంది. నైపుణ్యం పేజీ తెరిచింది. చేపల వేట దగ్గర తొమ్మిది గళ్లు నిండి ఉన్నాయి. పదోది ఖాళీ.

తను చాలాసేపు ఆ ఖాళీ గడిని చూస్తూ ఉండిపోయింది. తొమ్మిదో మెట్టుకు 10,000 అనుభవ పాయింట్లు చాలు, పదోదానికి 15,000 కావాలి. మామూలు కార్ప్ ఒకటి పడితే వచ్చేది 8, క్యాట్‌ఫిష్ అయితే 28. ఆ పొద్దంతా ఆ చేపకు పాచికే వేయలేదు. అవకాశం పదింట ఒకటి కాదు, సున్నా. ఆట ఆ మాట ఎక్కడా చెప్పదు. మూసి ఉన్న తలుపూ, తెరుచుకున్నా పాచిక పడని తలుపూ బయటినుంచి ఒకేలా కనిపిస్తాయి. రెండిటినీ వేరుచేసేది లెక్క ఒక్కటే.

అలాంటప్పుడు తను పొద్దున్నుంచీ అలా ఎలా కూర్చోగలిగింది? మనస్తత్వ శాస్త్రంలో దీనికి పాత జవాబు ఒకటుంది. అమెరికా శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్, తన సహచరుడు ఫెర్‌స్టర్‌తో కలిసి పావురాల మీద చేసిన ప్రయోగాలను 1957లో పుస్తకంగా తెచ్చాడు. ముక్కుతో పొడిచిన ప్రతిసారీ గింజ పడితే పావురం ఆకలి తీరేదాకా పొడిచి ఆగుతుంది. ఎన్నో పొడుపుకు గింజ పడుతుందో తెలియనప్పుడు మాత్రం విడవకుండా, ఒకే వేగంతో పొడుస్తూ పోతుంది. గింజలు ఆగిపోయాక కూడా చాలాసేపు ఆశ వదలదు. తరువాత 1990లలో వుల్ఫ్రామ్ షుల్ట్జ్ కోతుల మెదడులో డోపమైన్ విడుదల చేసే కణాలను గమనించాడు. అనుకోకుండా పండ్లరసం చుక్క దొరికితే ఆ కణాలు చురుగ్గా స్పందిస్తాయి. రసానికి ముందు ఒక దీపం వెలుగుతుందని కోతి నేర్చుకున్నాక, స్పందన దీపం దగ్గరికి జరుగుతుంది. రసం రావడం అప్పటికే తెలిసిన సంగతి. దీపం వెలిగి రసం రాకపోతే కణాలు ఒక్కసారిగా నీరసిస్తాయి. బొమ్మ తలమీద వెలిగే ఆశ్చర్యార్థకం అలాంటి దీపమే. అది వెలిగిన ప్రతిసారీ మా పిల్ల నిటారుగా కూర్చునేది, పడింది కార్ప్ అని తేలేలోపు ఆ అర సెకనులో. ఆ అర సెకనును నేను తప్పుపట్టను. చెరువుగట్టున వెదురు కర్ర పట్టుకుని మధ్యాహ్నాలు గడిపిన ప్రతి మనిషికీ అది తెలుసు.

ఇక తలుపులన్నీ తెరుచుకుని, పాచిక కూడా పడిందనుకుందాం. అప్పుడు మొదలవుతుంది అసలు పోరాటం. తెరమీద ఒక నిలువు గొట్టం వస్తుంది. అందులో చేప బొమ్మ పైకీ కిందికీ ఉరుకుతుంటుంది. ఒక ఆకుపచ్చ పట్టీ మన చేతిలో ఉంటుంది. చేప ఆ పట్టీ లోపల ఉన్నంతసేపూ పక్కనున్న కొలత నిండుతుంది, బయటికి జారితే తరుగుతుంది. నిండితే చేప మనది, ఖాళీ అయితే నీటిది.

ఈ గొట్టంలో మంచి భౌతికశాస్త్రం ఉంది. పట్టీకి బరువుంది. బటన్ వదిలితే కిందికి పడుతుంది, పడేకొద్దీ వేగం పెరుగుతుంది. అడుగున తగిలితే ఎగిరిపడుతుంది. బటన్ నొక్కితే పైకి తోపు. మన వేలు పట్టీ ఉండాల్సిన చోటును శాసించడం లేదు, దాని వేగాన్నీ శాసించడం లేదు. వేగంలో మార్పును శాసిస్తోంది. ఇలాంటి వాటిని అదుపు చేయడం మనిషికి చాలా కష్టం. అరచేతిలో చీపురుకట్టను నిలబెట్టడం లాంటిది. చేప పైకి పోయిందని గట్టిగా నొక్కుతాం. పట్టీ బయల్దేరడానికి ఆలస్యం. అందుకుందనుకుని వదిలేసరికి వేగం మిగిలిపోయి చేపను దాటిపోతుంది. మళ్లీ కిందికి, మళ్లీ దాటిపోవడం. కొత్తవాళ్లందరూ ఈ ఊగులాటలోనే చేపను పోగొట్టుకుంటారు.

విరుగుడు ఏమిటంటే, పట్టి నొక్కకుండా తట్టి తట్టి వదలడం. ఈ ఆటలో పైకి తోసే బలమూ కిందికి లాగే బలమూ సమానం. అందుకే నొక్కిన వేళా వదిలిన వేళా సమానంగా ఉంటే పట్టీ ఉన్నచోటే తేలుతుంది. నొక్కేది కొంచెం ఎక్కువైతే మెల్లగా లేస్తుంది. ఇంట్లో ఎల్‌ఈడీ దీపాల వెలుగును తగ్గించే పరికరాలు చాలావరకు ఇలాగే పనిచేస్తాయి: దీపాన్ని కంటికి తెలియనంత వేగంగా ఆర్పుతూ వెలిగిస్తూ ఉంటాయి. మా పిల్లకు ఇది ఎవరూ చెప్పలేదు. వేళ్లే నేర్చుకున్నాయి.

కొలతల్లో చెబితే ఇంకా బాగుంటుంది. ఆట సెకనుకు 60 సార్లు లెక్క చూసుకుంటుంది. చేప పట్టీలో ఉంటే ప్రతిసారీ కొలత 0.2 శాతం పెరుగుతుంది, బయట ఉంటే 0.3 శాతం తగ్గుతుంది. మొదలయ్యేది 30 శాతం దగ్గర. ఒక్కసారి కూడా జారనివ్వకపోతే ఆరు సెకన్ల లోపే అయిపోతుంది. అసలు అందుకోలేకపోతే రెండు సెకన్లైనా పట్టదు. తరుగుదల పెరుగుదలకు ఒకటిన్నర రెట్లు కాబట్టి, మొత్తం సమయంలో 60 శాతానికి మించి చేపను పట్టీలో నిలబెట్టగలిగితేనే గెలుపు. సగం సగం అయితే ఓటమే, కాస్త ఆలస్యంగా.

చేప ఎంత తుంటరిదో కూడా సంఖ్యలోనే ఉంది. కార్ప్‌కి 15, క్యాట్‌ఫిష్‌కి 75, ఆక్టోపస్‌కి 95, లెజెండ్‌కి 110. ఈ సంఖ్యను బట్టి ఆ చేప సెకనుకు 60 సార్లు పాచిక వేసుకుంటుంది, ఇప్పుడు దిశ మార్చాలా వద్దా అని. లెక్క చూస్తే కార్ప్ సగటున నాలుగున్నర సెకన్లకోసారి మనసు మార్చుకుంటుంది. లెజెండ్ 0.6 సెకనుకోసారి. కంటితో చూసి వేలు కదిలించడానికి మనిషికి పావు సెకను పడుతుంది. పట్టీ వేగం అందుకునేలోపు చేప మళ్లీ తిరిగిపోతుంది. అంటే లెజెండ్‌ను వెంబడించి పట్టడం శరీరానికి సాధ్యం కాదు. అది తిరిగే మేర మధ్యలో నిలబడి కాచుకోవాలి. పదో మెట్టు అవసరం ఇక్కడే తెలుస్తుంది. సున్నా మెట్టులో పట్టీ గొట్టంలో ఆరో వంతే ఉంటుంది. పదికి చేరేసరికి దాదాపు మూడో వంతు. కార్క్ బెండు తగిలిస్తే ఇంకొంచెం. ఆట ఆ తలుపును ఊరికే పెట్టలేదు. ఆ మెట్టెక్కనివాళ్ల చేతికి ఈ చేప దక్కడం గగనం.

పదో మెట్టు అందాక మళ్లీ వాన కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. ఆ ఎదురుచూపులో మా మాటలు గోదావరి మీదికి మళ్లాయి. మా నాన్నది కోనసీమ. వాన వస్తేనే కనిపించే చేప అనగానే నాకు గుర్తొచ్చేది పులస.

బంగాళాఖాతంలో ఉన్నంతకాలం అది ఇలస. జులై నుంచి సెప్టెంబరు దాకా గోదావరికి ఎర్రనీళ్లు వచ్చినప్పుడు, గుడ్లు పెట్టడానికి ఉప్పునీరు వదిలి ఏటికి ఎదురీదుతుంది. అప్పుడు పులస. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట అడ్డం వస్తుంది. ఆలోచిస్తే ఇవి అచ్చంగా ఆటలోని తలుపులే: ఈ నది, ఈ నెలలు, ఈ వరద, ఇంతవరకే. పుస్తెలమ్మైనా పులస తినాలనే మాట పుట్టింది ఈ తలుపుల ఇరుకులోంచే. వానకూ మీసాల చేపకూ ఉన్న సంబంధం కూడా బరోన్ ఊహ కాదు. ఆటలో క్యాట్‌ఫిష్ వానరోజునే పడుతుంది. నిజమైన నదిలో వాన నీరు గట్టుమీది పురుగుల్నీ వానపాముల్నీ కొట్టుకొస్తుంది, నీరు బురదవుతుంది. కంటిమీద ఆధారపడే చేపలకు అది చీకటి. క్యాట్‌ఫిష్‌కు మీసాలతో పాటు ఒళ్లంతా లక్షకు పైగా రుచి మొగ్గలున్నాయి. ఆ బురదలో మేత వెతకడం దానికే బాగా తెలుసు. మన వాలుగ, జెల్ల, మార్పు దాని చుట్టాలే.

కానీ ఒకచోట ఆటా నదీ విడిపోతాయి. ఆ తేడా చెప్పాలనే నేను ఇంతసేపు జాబితా గురించి మాట్లాడాను. ఆటలో స్టర్జన్ పట్టడం కష్టం. కానీ పదివేల స్టర్జన్లు పట్టినా పదివేల ఒకటోదాని అవకాశం తగ్గదు. ఎందుకంటే అక్కడ స్టర్జన్లు లేవు, స్టర్జన్ అన్న పేరుంది. పేరు అరిగిపోదు. ఆటలో చేప అరుదు కావడమంటే దాని తలుపులు ఇరుకు కావడమే. నదిలో చేప అరుదు కావడమంటే చేపలు తగ్గడం. నిజమైన స్టర్జన్ల వంశం డైనోసార్ల కాలం నుంచి ఉంది. ఉత్తర అమెరికా సరస్సుల్లోని ఆడ స్టర్జన్ గుడ్లు పెట్టే వయసుకు రావడానికి సుమారు ఇరవై ఏళ్లు పడుతుంది, ఆ తరువాతా ఏటా పెట్టదు. ఆ గుడ్లే కేవియర్ పేరుతో గొప్ప ధరకు అమ్ముడవుతాయి. నదులకు అడ్డంగా ఆనకట్టలు లేచాయి. 2022లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ తేల్చిన లెక్క ప్రకారం, మిగిలిన 26 స్టర్జన్, పాడిల్‌ఫిష్ జాతుల్లో ముప్పు లేనిది ఒక్కటీ లేదు. యాంగ్జీ నదిలో ఉండే చైనా పాడిల్‌ఫిష్ అంతరించిపోయిందని అప్పుడే ప్రకటించారు. వాన వచ్చినా, రుతువు సరైనదైనా, ఎంత చేయితిరిగిన జాలరి గాలం వేసినా, ఆ చేప ఇక పడదు. ఆ నదిలో అన్ని తలుపులూ తెరిచే ఉన్నాయి.

మేనకోడలు అప్పుడేమీ అనలేదు. కాసేపటికి, “లెజెండ్ కూడా ఒక్కసారేగా అత్తా పడేది?” అంది.

అవును. ఆ ఆటలో అరిగిపోయే పేరు అదీ, దానిలాంటి మరో నాలుగూను. ఎండాకాలంలో క్రిమ్‌సన్‌ఫిష్, శరత్తులో యాంగ్లర్, చలికాలంలో గ్లేసియర్‌ఫిష్, మురుగు కాలువలో ఏడాది పొడవునా మ్యూటెంట్ కార్ప్. బరోన్ ఈ ఐదింటికీ ఒక్కసారి అన్న హద్దు ఎందుకు పెట్టాడో అతని మనసులోకి వెళ్లి చూడలేం. కానీ మిగతా చేపలన్నిటికంటే వీటిని జనం గుర్తుపెట్టుకోవడానికి ఆ హద్దే కారణమని నాకు గట్టిగా అనిపిస్తుంది.

వసంతం ఇరవై ఆరున టీవీ రేపు వాన అంది. ఇరవై ఏడున పొద్దున్నే బొమ్మ కొండదారి పట్టింది. మేం ముందే లెక్క వేసుకున్నాం. వేటుకు 20 సెకన్లు పడితే రోజుకు 40 వేట్లు. పదింట ఒకటి చొప్పున చూసినా 40 వేట్లలో ఒక్కసారీ పడకపోయే అవకాశం ఒకటిన్నర శాతమే. ఇక భయపడాల్సింది పాచికకు కాదు, వేళ్లకు. ఆరో వేటుకు గొట్టంలోని చేప పిచ్చెత్తినట్టు ఉరికింది. రెండు సెకన్లలో పోయింది. తను నావైపు చూడలేదు, మళ్లీ ఎర గుచ్చింది. పద్నాలుగో వేటుకు మళ్లీ వచ్చింది. ఈసారి పట్టీని గొట్టం మధ్యలో తట్టుతూ తట్టుతూ నిలబెట్టింది. చేప పైకి పోతే పోనిచ్చింది, కిందికొస్తే రానిచ్చింది. కొలత సగానికి వచ్చి, పడిపోయి, మళ్లీ లేచి, నిండింది.

అమ్మితే 5,000 బంగారు నాణేలు వస్తాయి. అమ్మలేదు. ఇంటికి తీసుకెళ్లి, తలుపు పక్కనున్న చెక్కపెట్టెలో పెట్టింది. వాన ఇంకా పడుతూనే ఉంది, పొద్దుగుంకడానికి చాలా టైముంది. బొమ్మ మళ్లీ కొండదారి ఎక్కి, అదే మొద్దుకు ఎదురుగా నిలబడి, గాలం వేసింది. బెండు మునిగింది. బంగారుతీగ.